సంతకానికి ముందు ఒక మాట

అమ్మ బిడ్డను 'కంటుంది'. మా తెలంగాణ వైపు 'నీళ్లాడింది' అంటారు. ఇంకా పాత మాట 'పురుడు పోసుకుంది'. పక్కనున్న మంత్రసాని పురుడు 'పోస్తుంది', తల్లి 'పోసుకుంటుంది'. జరిగేది ఒకటే పని, కానీ ఇద్దరికీ చెరొక క్రియ ఇచ్చింది మన భాష.

ఇప్పుడు మన ఇళ్లలో, ఫోన్లలో వినిపించే మాటలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. "డాక్టర్ గారు డేట్ ఇచ్చారు." "పొద్దున ఏడున్నరకి లోపలికి తీసుకెళ్లారు." "ఆపరేషన్ చేసి బాబుని తీశారు." "ఇంకా రూముకి షిఫ్ట్ చేయలేదు." అన్నిట్లోనూ పని చేసేది ఇంకెవరో. తొమ్మిది నెలలు మోసిన మనిషి ఆ వాక్యాల్లో ఎక్కడా లేదు.

ఆమె ఆ వాక్యంలోంచి ఎలా జారిపోయింది, మళ్లీ ఎలా రావచ్చు అన్నదే ఈ వారం మన ముచ్చట.

ముందే చెప్పేస్తున్నా, పాత రోజులే బంగారం అని నేననడం లేదు. ఆ బంగారు రోజుల్లో కాన్పుకి వెళ్లి తిరిగిరాని తల్లులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. తెలంగాణలో లక్ష మంది బిడ్డలు పుడితే 2014-16 లెక్కల్లో 81 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి అది 43కి దిగింది. అప్పటికి దేశం సగటు 97. ఆస్పత్రులు, డాక్టర్లు, నర్సులు, 108 అంబులెన్సులు, ఊళ్లలో ఆశా కార్యకర్తలు అందరి కష్టమూ అందులో ఉంది. సిజేరియన్ అనే ఆపరేషన్ లేకపోతే ఈ కాలమ్ చదువుతున్న వాళ్లలో కొందరు ఈ భూమ్మీద ఉండేవాళ్లు కాదు.

అయినా ఒక లెక్క దగ్గర ఆగాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. మంచిదే. కానీ మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం. అంటే పదిమంది వెళ్తే ఎనిమిదిమందికి ఆపరేషనే. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక మాట చెప్పింది. జనాభా మొత్తం మీద చూస్తే, సిజేరియన్లు పది శాతం దాటి పెరిగినకొద్దీ తల్లుల, పసికందుల మరణాలు ఇంకా తగ్గుతున్నట్టు కనిపించడం లేదని. అదే సంస్థ ఇంకో మాట కూడా అంది. ఏదో ఒక శాతాన్ని అందుకోవాలని పరుగెత్తకండి, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడండి అని. రెండు మాటలూ కలిపి చదవాలి.

'ప్రైవేటు వాళ్లు డబ్బుల కోసం కోసేస్తున్నారు' అనేది మనకి రెడీగా ఉండే జవాబు. అందులో నిజం లేకపోలేదు. కానీ బిల్లు లేని ప్రభుత్వ ఆస్పత్రుల్లో కూడా మన దగ్గర 44.5 శాతం సిజేరియన్లే. దీన్ని డబ్బుతో ఎలా సర్దుతారు? నొప్పులు భరించలేనేమో అన్న భయం ఉంది. ఏదైనా తేడా వస్తే బంధువులు మీద పడతారన్న డాక్టర్ల భయం ఉంది. పంతులు గారు రాసిచ్చిన ముహూర్తం ఉంది. మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అన్న అలవాటు ఉంది. మా భాషలో చెప్పాలంటే ఇది డిఫాల్ట్ సెట్టింగ్. యాప్‌లో డిఫాల్ట్‌గా ఏది టిక్ చేసి ఉంటే నూటికి తొంభైమంది దాన్నే ఉంచేస్తారు. మార్చకూడదని కాదు, మార్చొచ్చని తెలియక.

నేనుండేది తార్నాకలో. పొద్దున్నే ఓయూ క్యాంపస్‌లోకి నడకకి వెళ్తాను. ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద ఆ టైంలో సగం హైదరాబాద్ కనిపిస్తుంది. రిటైరైన రైల్వే ఉద్యోగులు, ఎస్సై పోస్టుకి పరుగు ప్రాక్టీస్ చేసే పిల్లలు, వాళ్ల మధ్యలో నెమ్మదిగా నడిచే ఏడో నెల, ఎనిమిదో నెల గర్భిణులు. పక్కన అమ్మో అత్తో. చెట్ల కింద సలహాలు ఉచితం. "బాగా నడువు బిడ్డా, నార్మల్ అయితది." "ఎక్కువ తినకు, బిడ్డ పెద్దగై ఆపరేషన్ అంటరు."

ఈ మాటలు వినిపించే చోటి నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. గర్భిణికి మామూలుగా తినేదానికన్నా రోజుకి ఇంకో 350 కిలో కేలరీలు కావాలని లెక్కగట్టి చెప్పింది అదే సంస్థ. ఆ గోడ లోపల సాక్ష్యం ఉంది. ఆ గోడ బయట "ఎక్కువ తినకు" ఉంది. సాక్ష్యం ఉండటం వేరు, అది మనిషి చేతికి అందటం వేరు. మధ్యలో కూర్చుని, మన భాషలో, మన భయం విని చెప్పే మనిషి ఒకరు కావాలి.

ఆ మనిషి అవసరం ఎంతో మా అక్క విషయంలో దగ్గరుండి చూశాను. మా పెద్దమ్మ కూతురు. ఓయూలో స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. ఇద్దరం తార్నాకలో రెండు వీధుల దూరంలో ఉంటాం. మొదటి కాన్పు నాలుగేళ్ల కింద అయింది. తొమ్మిదో నెల స్కానింగ్ చూసి "మెడకు పేగు చుట్టుకుంది" అన్నారు. బావ మొహం తెల్లబోయింది, పెద్దమ్మ దేవుడికి మొక్కుకుంది, ఎవరో ఫారం ఇచ్చారు, ఎవరో సంతకం పెట్టారు. ఆ సాయంత్రమే ఆపరేషన్. బాబు బాగున్నాడు, అక్క బాగుంది. ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు.

కానీ రెండోసారి గర్భం వచ్చాక అక్క నన్ను ఒక ప్రశ్న అడిగింది. "ఏమే, పేగు మెడకు చుట్టుకోవడం ఎంతమందిలో ఉంటుందో తెలుసా నీకు?" తనే చెప్పింది. నెలలు నిండిన కాన్పుల్లో దాదాపు నాలుగైదింట్లో ఒకదానికి ఉంటుంది. చాలామంది పిల్లలు అలాగే మామూలుగా పుట్టేస్తారు. గుండె చప్పుడు తేడాగా ఉందా లేదా అన్నది చూడాలి, పేగు చుట్టుకోవడం ఒక్కటే ఆపరేషన్‌కి కారణం కాదు. "నా బాబు గుండె చప్పుడు ఆరోజు ఎలా ఉందో నాకు తెలియదు. నిజంగానే అవసరమై ఉండొచ్చు. కానీ నేను కాన్ఫిడెన్స్ ఇంటర్వల్స్ మీద థీసిస్ రాస్తున్నదాన్ని. నాకు ఒక్క నంబర్ కూడా ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు" అంది.

పెద్దమ్మ ఊరుకుంటుందా? "డాక్టరమ్మ చెప్పినంక మనం అడిగేదేముంటదే? ఆమె కన్న నీకెక్కువ తెలుస్తదా?" అంది. తర్వాత నావైపు తిరిగి "పెండ్లి కాని పిల్లవు, నీకెందుకే ఇవన్నీ" అని నాకూ ఒకటి అంటించింది.

పెద్దమ్మ ప్రశ్నలో న్యాయం ఉంది. డాక్టరమ్మకి మనకన్నా ఎక్కువ తెలుసు. వైద్యం గురించి. అక్క గురించి మాత్రం అక్కకే ఎక్కువ తెలుసు. తను దేనికి భయపడుతుంది, ఇంట్లో ఎవరున్నారు, ఇంకా పిల్లలు కావాలా, ఏది జరిగితే తట్టుకోగలదు, ఏది జరిగితే జీవితాంతం బాధపడుతుంది. ఇవి ఏ స్కానింగ్‌లోనూ కనపడవు. ఈ రెండు తెలివిడులూ ఒక బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోవడమే కలిసి నిర్ణయం తీసుకోవడం. ఇంతకన్నా పెద్ద సిద్ధాంతమేం లేదు అందులో.

మేం మొదట వెళ్లిన చోట ఈ బల్ల లేదు. "ముందుది సిజేరియన్ కదా, ఇదీ సిజేరియనే. డేట్ చూసుకుని చెప్పండి" అన్నారు. బయట యాభైమంది ఉన్నారు, డాక్టర్‌ని తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. మూడు నిమిషాల్లో ఎవరైనా అంతకన్నా ఏం చెప్తారు?

రెండోచోట డాక్టర్‌తో పాటు మిడ్‌వైఫ్ ఉంది. మాతో నలభై నిమిషాలు కూర్చుంది. ముందు పాత డిశ్చార్జ్ సమ్మరీ అడిగింది. గర్భసంచి మీద కోత అడ్డంగా పెట్టారా, నిలువుగా పెట్టారా, కారణం ఏం రాశారు, ఎన్నేళ్లయింది అని చూసింది. కోత నిలువుగా ఉంటే ఈ మాటలే ఉండేవి కావు, నేరుగా ఆపరేషనే మంచిదని చెప్పింది. అక్కది అడ్డకోతే. అప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది.

"మీలాగా ఒక సిజేరియన్ అయినవాళ్లు వందమంది నార్మల్‌కి ప్రయత్నిస్తే 72 నుంచి 75 మందికి అవుతుంది. మిగతావాళ్లకి మధ్యలో ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. ముందే అనుకుని చేసే ఆపరేషన్ కన్నా మధ్యలో చేసేదానికి ఇబ్బందులు కొంచెం ఎక్కువ. ఇంకొకటి, పాత కుట్టు దగ్గర గర్భసంచి విచ్చుకునే ప్రమాదం. అది 200 మందిలో ఒకరికి. తక్కువే, కానీ జరిగితే చాలా పెద్ద విషయం. అందుకే థియేటర్, రక్తం, మత్తు డాక్టర్ అన్నీ రెడీగా ఉన్న చోటే ప్రయత్నించాలి. ముందే డేట్ పెట్టుకుని ఆపరేషన్ చేయించుకుంటే ఈ ప్రమాదం దాదాపు ఉండదు. కానీ కోలుకోవడానికి టైం పడుతుంది, సిజేరియన్ల సంఖ్య పెరిగినకొద్దీ తర్వాతి గర్భాల్లో మాయ కుట్టులోకి అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది."

ఇవి బ్రిటన్‌లో ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ మార్గదర్శకాల్లో ఉన్న లెక్కలు. ఆవిడ ఆ మాట కూడా చెప్పి, తమ ఆస్పత్రి సొంత లెక్కలేమిటో డాక్టర్‌ని అడగమంది. అన్నీ అయ్యాక, అప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. "మీకు ఏది ముఖ్యం?"

అక్క చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది. "పెద్దవాడికి నాలుగేళ్లు. వాణ్ని వారాల తరబడి ఎత్తుకోకుండా ఉండటం నాకు కష్టం. అంతకన్నా ముఖ్యం, ఈసారి ఏం జరుగుతోందో నాకు తెలియాలి."

అయితే ఎవరీ మిడ్‌వైఫ్? పాత మంత్రసాని పేరు మార్చుకుని వచ్చిందా అని పెద్దమ్మ అడిగింది. కాదు. నర్సింగ్ చదివి, ఆపైన కాన్పుల్లోనే ప్రత్యేక శిక్షణ తీసుకున్న మనిషి. మామూలు కాన్పులు తానే చూస్తుంది. ఎక్కడ ప్రమాదం మొదలవుతుందో గుర్తుపట్టి డాక్టర్‌ని పిలుస్తుంది. అక్కలాంటి వాళ్ల విషయంలో అయితే మొదటినుంచీ డాక్టర్‌తో కలిసే పనిచేస్తుంది.

ఈ కథలో మన రాష్ట్రానికి పెద్ద చోటే ఉంది. హైదరాబాద్‌లో 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆస్పత్రిలో డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ 2011లో మిడ్‌వైఫ్‌ల శిక్షణ మొదలుపెట్టారు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులు 30 మందితో 18 నెలల కోర్సు ప్రారంభించాయి. మరుసటి ఏడాది డిసెంబర్‌లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది. చిత్రమేమిటంటే, అదే సర్వేలో జిల్లాల లెక్క చూస్తే కరీంనగర్‌లో సిజేరియన్లు 80 శాతం దాటాయి. రోగం ఎక్కువున్న చోటే మందు మొదలుపెట్టారని అనుకోవచ్చు. ముప్పైమందితో అలవాటు మారిపోదని కూడా అనుకోవచ్చు. రెండూ నిజమే.

మిడ్‌వైఫ్‌లు ఉంటే నిజంగా తేడా ఉంటుందా? ఈ ప్రశ్నకి కొక్రేన్ సంస్థ 2024లో మళ్లీ ఒకసారి జవాబు వెతికింది. 17 అధ్యయనాలు, 18,533 మంది తల్లులు. మొదటినుంచి చివరిదాకా మిడ్‌వైఫ్ వెంట ఉన్నవాళ్లలో మామూలు కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, కాన్పు అనుభవం బాగుందని చెప్పినవాళ్లు ఎక్కువ. ఆ అధ్యయనాలు చాలావరకు ధనిక దేశాల్లోవి. మన దగ్గర అచ్చం అలాగే జరుగుతుందని గుడ్డిగా అనుకోనక్కర్లేదు. కానీ ప్రయత్నించి చూడటానికి ఇంతకన్నా మంచి కారణం ఏం కావాలి?

కొక్రేన్ పేరు వచ్చింది కాబట్టి ఒక చిన్న కథ. ఆర్చీ కొక్రేన్ అనే బ్రిటిష్ డాక్టర్ 1979లో వైద్య శాఖలన్నిటికీ మార్కులు వేశాడు. సరైన సాక్ష్యం లేకుండా పనిచేయడంలో ఆఖరి బహుమతి, ఒక చెక్క గరిటె, ప్రసూతి శాఖకి ఇచ్చాడు. ఆ మాట తగిలినవాళ్లు ఊరుకోలేదు. కాన్పుల మీద అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ ఏరి, జల్లెడ పట్టి 1989లో పెద్ద గ్రంథంగా తెచ్చారు. 1993లో కొక్రేన్ పేరు మీద సంస్థ పుట్టింది. ఈరోజు గుండెజబ్బుల దగ్గర్నుంచి పంటినొప్పి దాకా డాక్టర్లు చూసే 'సాక్ష్యం' అనే అలవాటుకి ఒక పెద్ద వేరు లేబర్ రూంలోనే ఉంది.

ఆ జల్లెడలో ఏం తేలింది? కాన్పుకొచ్చిన ప్రతి మనిషికీ ఎనిమా ఇవ్వడం, షేవింగ్ చేయడం, బిడ్డ వచ్చే దారిలో అందరికీ కోత పెట్టడం దశాబ్దాల పాటు ఒక రొటీన్. ఇవి అందరికీ చేయాల్సిన పనిలేదని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. నొప్పులప్పుడు ఆమె కోరుకున్న తోడు ఉండాలని, ప్రమాదం లేనివాళ్లు తినొచ్చని, తాగొచ్చని, గంటకో సెంటీమీటర్ తెరుచుకోకపోతే ఏదో తేడా అని కంగారు పడనక్కర్లేదని కూడా. తోడు విషయంలో మన కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రభుత్వ ఆస్పత్రులకి మార్గదర్శకాలు ఇచ్చింది. మీ ఇంట్లో కాన్పుంటే లేబర్ రూంలోకి తోడును పంపిస్తారా అని ముందే అడగండి.

అయితే సాక్ష్యం ఎప్పుడూ 'ఏమీ చేయకపోవడం' వైపే ఉంటుందనుకోకండి. అమెరికాలో 6,106 మంది తొలి చూలు తల్లుల మీద జరిగిన ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. 39 వారాలకే మందులిచ్చి నొప్పులు తెప్పించినవాళ్లలో 18.6 శాతం సిజేరియన్లయ్యాయి. వేచి చూసినవాళ్లలో 22.2 శాతం. మందులిస్తే ఆపరేషన్లు పెరుగుతాయని అందరూ అనుకున్నదానికి ఉల్టా. సాక్ష్యం ఏ పార్టీ మనిషీ కాదు. అది మన నమ్మకాన్ని బట్టి మాట్లాడదు.

సంతకం సంగతి కూడా చూద్దాం. ఫారం ఇంగ్లిష్‌లో ఉంటుంది. యాప్‌లో టర్మ్స్ అండ్ కండిషన్స్ చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కినట్టు సంతకం పెట్టేస్తాం. అదీ ఎక్కువసార్లు భర్తో, తండ్రో. చట్టం ఏమంటోంది? ఢిల్లీలో ఒకామెకు లోపల పరీక్ష చేసేందుకు మత్తు ఇచ్చారు. ఆమె మత్తులో ఉండగానే బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. సమీరా కోహ్లీ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో 2008లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మతి స్థిమితంగా ఉన్న మేజర్ మనిషి శరీరం మీద నిర్ణయానికి ఆమె అనుమతే కావాలి, తల్లి అనుమతి దానికి బదులు కాదు. ప్రాణం మీదకొచ్చి ఆగే వీలులేనప్పుడు సంగతి వేరు.

బ్రిటన్‌లో ఇంకో కేసు. నాడీన్ మాంట్‌గోమరీకి షుగర్, మనిషి పొట్టి. బిడ్డ భుజాలు ఇరుక్కునే ప్రమాదం వందలో తొమ్మిది పది దాకా ఉంది. ఆ సంగతి చెబితే సిజేరియన్ అడుగుతుందని డాక్టర్ చెప్పలేదు. 1999లో కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కుంది, మెదడుకు దెబ్బ తగిలింది. 2015లో అక్కడి సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. గమనించారా, ఇక్కడ ఆమెకు దక్కనిది సిజేరియన్. నార్మల్ అయితే గెలుపు, ఆపరేషన్ అయితే ఓటమి అనుకునేవాళ్లు ఈ కేసు గుర్తుపెట్టుకోవాలి. అసలు విషయం ఆమెకు తెలిసిందా, ఆమెను అడిగారా అన్నదే.

"ఇవన్నీ వినడానికి బాగుంటాయి, రోజుకి ముప్పై కాన్పులయ్యే చోట ఎవరికి తీరిక?" అని నర్సుగా పనిచేసే మా కాలనీ ఆంటీ అడిగింది. నిజమే. అర్ధరాత్రి రక్తం పోతున్నప్పుడు చుక్కలు గీసి చూపించరు, చూపించకూడదు కూడా. కానీ కాన్పు అనేది అర్ధరాత్రి పుట్టుకొచ్చే విషయం కాదు కదా. తొమ్మిది నెలల నోటీసు ఇస్తుంది. మాటలు ఆ నెలల్లో జరిగిపోతే, ఆ రాత్రి డాక్టర్ "ఇప్పుడు ఆపరేషన్ తప్పదు" అన్నప్పుడు ఆమె నమ్ముతుంది. బంధువులూ నమ్ముతారు. ముందు మాట్లాడిన చోట గొడవలు తగ్గుతాయని చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఆ మాటలు మాట్లాడే తీరిక డాక్టర్‌కి లేదు కాబట్టే మిడ్‌వైఫ్ కావాలి.

ఇంతకీ అక్క ఏం చేసింది? డాక్టర్, మిడ్‌వైఫ్, అక్క, బావ కూర్చుని ఒక ప్లాన్ రాసుకున్నారు. నొప్పులు వాటంతట అవి వస్తే నార్మల్‌కి ప్రయత్నం. 41 వారాలు నిండేలోపు రాకపోతే ఆపరేషన్. మధ్యలో బిడ్డ గుండె చప్పుడులో తేడా వస్తే ఇంకేం అడగకుండా ఆపరేషన్. పెద్దమ్మ పంచాంగం తీసి మంచిరోజు చూడబోతే అక్క "అమ్మా, ఈసారి ముహూర్తం దానికే వదిలేద్దాం" అని కడుపు వైపు చూపించింది.

నొప్పులు రాలేదు. 41వ వారం దగ్గరపడుతుంటే ఆపరేషనే అయింది. పాప. మత్తు నడుం కిందికే ఇచ్చారు కాబట్టి అక్క మెలకువగానే ఉంది. తల దగ్గర మిడ్‌వైఫ్ నిలబడి ఏం జరుగుతోందో చెబుతూనే ఉంది. పాపను తీయగానే గుండె మీద పడుకోబెట్టారు.

కాగితం మీద చూస్తే రెండు కాన్పుల రిజల్టూ ఒకటే. సిజేరియన్, తల్లీబిడ్డా క్షేమం. సర్వే లెక్కలో రెండూ అదే గడిలో పడతాయి. కానీ మొదటిదాని గురించి అక్క "నన్ను కోశారు" అనేది. రెండోదాని గురించి "నేను ఆపరేషన్ చేయించుకున్నా" అంటోంది. 'చేయించుకున్నా.' వాక్యంలోకి మనిషి తిరిగొచ్చింది. రాష్ట్రంలో ఎన్ని సిజేరియన్లు అవుతున్నాయని లెక్కేస్తున్నాం, లెక్కేయాల్సిందే. దాంతోపాటు ఎంతమంది తల్లులు ఇలా చెప్పగలుగుతున్నారో కూడా ఎవరైనా అడిగితే బాగుండు.

మీ ఇంట్లో ఎవరైనా నెలల మీద ఉంటే ఆస్పత్రి ఫైలు వెనక ఈ ప్రశ్నలు రాసివ్వండి. ఇది చేస్తే నాకు, బిడ్డకు లాభం ఏమిటి? నష్టం ఏమిటి, వందలో ఎంతమందికి? ఇంకో దారి ఉందా? కాస్త ఆగితే ఏమవుతుంది, ఆగడమంటే గంటా, రోజా, వారమా? ఇప్పటికిప్పుడు తేల్చాలా, ఇంటికెళ్లి ఆలోచించుకోవచ్చా? వీటిని గొడవగా కాదు, మర్యాదగానే అడగొచ్చు. మంచి డాక్టర్‌కి ఈ ప్రశ్నలంటే కోపం రాదు. పాత కాన్పు కాగితాలు ఒక్కటి కూడా పారేయకండి. మిడ్‌వైఫ్ ఉన్న ఆస్పత్రి దగ్గర్లో ఉందేమో ఆరా తీయండి.

ఇక ఇంట్లోవాళ్లం, అమ్మలం, అత్తలం, భర్తలం, నాలాంటి చెల్లెళ్లం, మనకి ఒక్కటే పని. డాక్టర్ మాట్లాడటం అయ్యాక, మనం నోరు తెరిచే ముందు, ఆమె వైపు తిరిగి "నువ్వేమంటావ్?" అని అడగడం. తర్వాత ఆమె జవాబు చెప్పేదాకా ఆగడం.